నార్నూర్ వైపు గర్భిణుల కోసం అంబులెన్స్ కొనిద్దామనుకుంటున్నాం, సలహా కావాలి

మియాపూర్_శ్రీను | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా ఆఫీసు వాళ్లు, అపార్ట్‌మెంట్ వాళ్లు కలిపి ముప్పై మందిమి మూడేళ్లుగా నెలనెలా కొంత పక్కన పెడుతున్నాం. ఇప్పటికి 11 లక్షలయ్యాయి. పోయిన వానాకాలం చివర్లో ఆదిలాబాద్ జిల్లాలో కుంటాల జలపాతం చూసి, అక్కడి నుంచి ఉట్నూర్ మీదుగా నార్నూర్ దాకా వెళ్లాం. దారిలో ఒక వాగు. అవతలి నుంచి ఎడ్లబండిలో నిండు గర్భిణిని తెస్తున్నారు. నీళ్లు బండి ఇరుసు దాకా ఉన్నాయి. బండి ఈ ఒడ్డెక్కేదాకా మా కారులో ఎవరూ నోరు విప్పలేదు.

హైదరాబాద్ తిరిగొచ్చాక అందరిదీ ఒకటే మాట. ఒక సెకండ్ హ్యాండ్ వ్యాన్ కొని, అంబులెన్స్‌గా మార్పించి అక్కడ ఇచ్చేద్దాం, మిగిలిన డబ్బుతో రెండు నెలలకోసారి ఆదివారం హెల్త్ క్యాంపు పెడదాం అని. వ్యాన్ కూడా చూసేశాం. అడ్వాన్స్ ఇచ్చేముందు, ఆ వైపు పనిచేసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే ఒక మాట చెప్తారని రాస్తున్నా.

స్టీరింగ్ | శనివారం, రాత్రి 10:15

అన్నా, అడ్వాన్స్ ఇవ్వకు.

ఏడేళ్లు 108లో పైలట్‌గా చేశా. (మమ్మల్ని డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. జీతం మాత్రం డ్రైవర్‌దే.) ఇప్పుడు గచ్చిబౌలి సైడ్ క్యాబ్ నడుపుకుంటున్నా. నువ్వు చూసిన వాగును నీ వ్యాన్ దాటదు, ఎడ్లబండే దాటుతుంది. బండి కొనుడు సులువే. డీజిల్ ఎవరు పోస్తరు? టైర్లు, ఇన్సూరెన్సు, రాత్రి డ్యూటీకి మనిషి? దాతలు ఇచ్చిన బండి ఒకటి, పీహెచ్‌సీ వెనక గడ్డి మొలిచి ఉన్నది నా కళ్లారా చూసిన. దాని అద్దం మీద దాతల పేర్లు మాత్రం చెక్కుచెదరలేదు.

108 మొదలైందే ఈ హైదరాబాద్‌లో, 2005 ఆగస్టు 15న. మంచి సర్వీసు, నాకు అన్నం పెట్టింది. కానీ ముందు ఫోన్ కలవాలి కదా. కొన్ని గూడేల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. ఒక రాత్రి కాల్ వచ్చింది, వాగు దాకా పోయినం. అవతల ఒడ్డున టార్చిలైట్లు కనిపిస్తున్నయ్. మధ్యలో నీళ్లు. మా ఈఎంటీ, అంటే బండిలో వైద్యం చేసేటాయన, ఈ ఒడ్డు నుంచి గొంతు చించుకుని చెప్తున్నడు, అట్ల చెయ్యండి, ఇట్ల చెయ్యండి అని. నీళ్ల చప్పుడుకు వాళ్లకు సగం వినపడలే. పిల్ల అవతలి ఒడ్డునే పుట్టింది. తల్లీ పిల్లా బతికిన్రు, దేవుని దయ. మేం ఖాళీ బండితో వాపస్ వచ్చినం.

లెక్కల_మాస్టారు | శనివారం, రాత్రి 11:02

భావోద్వేగం పక్కనపెట్టి అంకెలు చూద్దాం. 2018-20 లెక్కల్లో తెలంగాణలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 43. దేశం సగటు 97. కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మన రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. అంటే సమస్య చాలావరకు తీరినట్టే కదా? ఆ 11 లక్షలు ఏదైనా హాస్టల్ పిల్లల చదువుకి ఇస్తే మేలు అని నా అభిప్రాయం.

డ్యూటీ_డాక్టరమ్మ | ఆదివారం, తెల్లవారుజామున 3:20

నైట్ డ్యూటీలో ఉన్నా, అందుకే ఈ టైమ్‌లో. హైదరాబాద్‌లో గైనిక్ పీజీ చేస్తున్నా. దానికి ముందు ఏజెన్సీ పీహెచ్‌సీలో ఏడాదికి పైగా చేశా.

మాస్టారూ, ఆ 43 రాష్ట్రం మొత్తానిది. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ గిరిజనులు దాదాపు 32 లక్షలు, అంటే 9 శాతం. అందులోనూ రోడ్డుకి దూరంగా ఉండే గూడేల వాళ్లు ఇంకా కొద్దిమంది. మియాపూర్, కూకట్‌పల్లి కాన్పులతో కలిపి సగటు తీస్తే వాళ్లు కనిపిస్తారా? ఇంకో అంకె కూడా అదే సర్వేలో ఉంది చూడండి. రాష్ట్రంలో కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లు. ఒక చోట అవసరం లేకపోయినా కోస్తున్నారు, ఇంకో చోట అవసరమైన మనిషి బల్ల దాకా రాలేకపోతోంది. సగటులో రెండూ కలిసిపోయి అందంగా కనిపిస్తాయి.

శ్రీను గారూ, అంబులెన్స్ కన్నా ముందు గడియారం గురించి ఆలోచించండి. కాన్పు తర్వాత విపరీతంగా రక్తం పోతే, ఏమీ చేయకపోతే రెండు గంటల్లోపే ప్రాణం పోవచ్చు. బిడ్డ అడ్డం తిరిగితే, నొప్పులు ఆగిపోతే ఇంకాస్త టైమ్ ఉంటుంది. రక్తస్రావానికి ఉండదు. పైగా మా దగ్గరికి వచ్చేవాళ్లలో హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువ ఉన్నవాళ్లను చాలామందిని చూశా. మామూలు మనిషి తట్టుకునే రక్తస్రావాన్ని కూడా వాళ్లు తట్టుకోలేరు. రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వానాకాలం సబ్ సెంటర్‌లో కరెంటు ఎన్ని గంటలుంటుందో తెలుసా? మిసోప్రోస్టాల్ మాత్రలకు ఫ్రిజ్ అక్కర్లేదు. ఇంటి దగ్గర కాన్పు తప్పనిసరైన చోట ట్రైనింగ్ అయిన ఆశ చేతికి అవి ముందే ఇచ్చే పద్ధతి ఉంది. బిడ్డ బయటికి వచ్చాక మాత్రమే ఇవ్వాలి, కడుపులో రెండో బిడ్డ లేదని చూసుకుని ఇవ్వాలి. మూడు చిన్న మాత్రలు. అవి స్టాకులో ఉన్నాయా లేవా అని అడిగే దాత నాకింతవరకు తగల్లేదు. క్యాంపు ఫొటోలో మాత్రలు పడవు కదా.

పేషెంట్ వచ్చింది, మళ్లీ రాస్తా.

సిస్టరమ్మ | ఆదివారం, ఉదయం 8:05

నమస్తే బాబూ. నేను ఏఎన్‌ఎంగా, అంటే ఊరూరా తిరిగే నర్సుగా చేరి సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు జైనూర్, సిర్పూర్ యు, నార్నూర్ చుట్టూనే గడిచింది. ఇప్పుడు ఉప్పల్‌లో కొడుకు దగ్గర. నేను చెప్తుంటే మనవరాలు టైప్ చేస్తోంది.

బండి సంగతి పైలట్ బాబు చెప్పాడు, మందుల సంగతి డాక్టరమ్మ చెప్పింది. నేను తేదీల సంగతి చెప్తా. గర్భిణికిచ్చే ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) ముందుగా రాసేది ఎల్‌ఎంపీ, ఆఖరుసారి నెలసరి వచ్చిన తేదీ. దాన్నిబట్టే కాన్పు తేదీ. గూడెంలో తేదీ అడిగితే ఎవరు చెప్తారు? క్యాలెండర్ ఉంటేగా. కొత్తలో 'తెలియదు' అని రాసి పై ఆఫీసర్‌తో తిట్లు తిన్నా. ఒక ముసలమ్మ నవ్వి "తేదీ కాదు, పండగ అడుగు" అంది. అప్పటినుంచి అదే పట్టుకున్నా. పొలాల పండగకి ముందా, తర్వాతా? మీ ఊరికి దండారి పండగలో ఆడే గుస్సాడీలు వచ్చినప్పుడు బయట కూర్చున్నావా? నాగోబా జాతరకి కేస్లాపూర్ పోయావా, పోలేకపోయావా? ఇలా అడిగితే వారం అటూ ఇటూగా దొరికేది.

ఇప్పుడు లెక్క చూడండి. దండారి దీపావళికి. ఆ రోజుల్లో ఆఖరి నెలసరి వస్తే కాన్పు శ్రావణ మాసం దరిదాపుల్లో. వాగులు నిండుగా ఉండే రోజులు. అలాంటి పేర్లు ఎర్ర ఇంకుతో వేరే నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. నొప్పులు వచ్చాక బండి వెతకడం కాదు, తేదీకి పది పదిహేను రోజుల ముందే మనిషి వాగుకి ఇవతల ఉండాలి. నా సర్వీసులో ప్రాణాలు నిలబెట్టింది ఆ ఎర్ర ఇంకు నోట్‌బుక్కే, జీపు కాదు.

మియాపూర్_శ్రీను | ఆదివారం, ఉదయం 10:30

సిస్టరమ్మ గారూ, మా గ్రూపులో ఈ మెసేజ్ చదివి వినిపించా. వ్యాన్ ఆపేశాం. అయితే వాగుకి ఇవతల ఒక గది అద్దెకు తీసుకుని, పది మంచాలు వేసి, కాన్పు తేదీ దగ్గరపడ్డ వాళ్లను అక్కడ ఉంచితే?

లెక్కల_మాస్టారు | ఆదివారం, ఉదయం 11:10

డాక్టరమ్మ చెప్పిన సగటు సంగతి ఒప్పుకుంటున్నా. క్లాసులో పిల్లలకు నేనే చెప్పే పాఠం అది, నాకే గుర్తురాలేదు. కానీ ఈ మంచాల ఐడియా కొత్తదేం కాదు. ఆంధ్రాలో సాలూరులో 'గిరిశిఖర గర్భిణుల వసతి గృహం' అని ఐటీడీఏ (ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్లే నడిపారు. ప్రభుత్వం చేయగల పని మీరెందుకు నెత్తిన వేసుకోవడం?

డోలీ_వద్దు | ఆదివారం, మధ్యాహ్నం 12:48

మాది పాడేరు దగ్గర, ఉద్యోగం కోసం కొంపల్లిలో ఉంటున్నా. మా వైపు వాగు కన్నా కొండ పెద్ద అడ్డం, కర్రకి దుప్పటి కట్టి డోలీలో మోస్తారు. సాలూరు గురించి మావాళ్లు మంచిగానే చెప్తారు, ఎందుకంటే అక్కడ ఊరికే మంచాలు వేసి వదిలేయలేదు. తోడు మనిషిని, చిన్నపిల్లల్ని కూడా ఉండనిచ్చారు. మంచాలు మాత్రమే వేసిన చోట్లు ఖాళీగానే ఉంటాయి.

గోండుగూడ_పిల్లగాడు | ఆదివారం, మధ్యాహ్నం 2:15

రామ్ రామ్ అందరికీ. మాది తిర్యాణి మండలం, గోండులం. ఓయూ హాస్టల్‌లో ఉండి పీజీ చేస్తున్నా. నిన్న రాత్రి నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అని ఆలోచించా.

మా వదిన రెండో కాన్పు సంగతి చెప్తా. తేదీ కన్నా ముందే తీసుకుపోయారు, బండి దొరికింది, వాగు కూడా అడ్డం రాలేదు. అంటే మీరందరూ చెప్పినవన్నీ సరిగ్గానే జరిగాయి. ఆసుపత్రి పేరు చెప్పను. లోపలికి ఆమెను ఒక్కదాన్నే పంపారు, మా అమ్మని గేటు బయట ఆపేశారు. వదినకి తెలుగు పెద్దగా రాదు. నొప్పుల్లో గొంతు ఎండిపోయి 'ఏర్, ఏర్' అని అడిగింది. గోండిలో ఏర్ అంటే నీళ్లు. అక్కడున్న ఆయా ఏరు అనుకుంది. "ఏరు దాటొచ్చినవులే, ఇంకేం భయం?" అని ఓదార్చింది. ఆమె మంచిదే, తిట్టలేదు, కొట్టలేదు. కానీ నీళ్లు ఇవ్వలేదు. వదిన ఆ రాత్రంతా అడిగీ అడిగీ ఊరుకుంది.

బిడ్డ బాగానే పుట్టాడు, ఇప్పుడు నాలుగేళ్లు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు వదిన ఎవరికీ చెప్పకుండా చేనులో గుడిసెలోకి వెళ్లి అక్కడే కన్నది. ఆశ అక్క వచ్చి గోల చేసింది, 'అన్ని సౌకర్యాలుండగా ఇంట్లో ఎందుకు కన్నావు, మీకు తెలివి ఎప్పుడొస్తది' అని. వదిన ఒక్క మాట కూడా బదులు చెప్పలేదు. తర్వాత ఒకరోజు నాతో నవ్వుతూ ఏర్ కథ చెప్పింది. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

డ్యూటీ_డాక్టరమ్మ | ఆదివారం, సాయంత్రం 4:40

తమ్ముడూ, ఇది చదివాక పడుకోలేకపోయా. నేను కూడా పీహెచ్‌సీలో అరిచినదాన్నే. "మొన్న రమ్మంటే ఇవాళ వస్తావా" అని నొప్పుల్లో ఉన్న మనిషి మీద గొంతు పెంచా. నాకు గోండి పది మాటలు కూడా రావు. ఏడాదిలో నేర్చుకున్నది 'ముక్కు' అనే ఒకే మాట, అది కూడా తెలుగు మాటే, కాన్పప్పుడు ముక్కమని చెప్పడానికి.

కాన్పు గదిలోకి తోడు ఒక ఆడమనిషిని అనుమతించాలన్నది కొత్త మాటేం కాదు. కాన్పు గదుల్ని బాగుచేయడానికి 2017లో కేంద్రం తెచ్చిన 'లక్ష్య' కార్యక్రమంలో ఉన్నదే. మన హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి ప్రభుత్వం నర్సులకు మిడ్‌వైఫరీ ట్రైనింగ్ మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే, కరీంనగర్‌లో. ఆ ట్రైనింగ్ అయిన నర్సులతో పనిచేశా. పేషెంట్‌ను వెల్లకిలా పడుకోబెట్టి కట్టేసినట్టు ఉంచరు. గొంతుక్కూర్చుంటానంటే కూర్చోనిస్తారు, నడుస్తానంటే నడవనిస్తారు. గూడేల్లో ఆడవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే కదా అది.

ఇంకో విషయం, మర్చిపోయేలోపు. క్యాంపు పెట్టి అందరికీ ఐరన్ పంచేద్దాం అనే ఆలోచన ఉంటే జాగ్రత్త. గోండు, కొలాం, కోయవాళ్లలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉంది. మామూలు ఐరన్ మాత్రలు గర్భిణులందరికీ ఇస్తారు, అది వేరే. కానీ రక్తం తక్కువ ఉన్న ప్రతి మనిషికీ ఐరన్ లోపమే అనుకుని బాటిళ్లు ఎక్కించకూడదు, ముందు పరీక్ష చేయాలి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో ఈ పరీక్షలు చేస్తున్నారు. శివరాంపల్లిలో థలసీమియా సికిల్ సెల్ సొసైటీ ఉంది, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ముందు అక్కడికి వెళ్లి తెలుసుకోవచ్చు.

చర్ల_రూట్ | ఆదివారం, సాయంత్రం 6:05

భద్రాచలం వైపు ఇంకో గుంపు ఉంది, వాళ్లను ఎవరూ తలవలేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుంపులు కట్టుకున్న గుత్తికోయలు. చాలామందికి ఆధార్ లేదు, బ్యాంకు ఖాతా లేదు. 2017లో వచ్చిన కేసీఆర్ కిట్ పథకంలో ఆడపిల్ల పుడితే 13 వేలు, మగపిల్లాడైతే 12 వేలు ఇస్తామన్నారు. కాగితాలు లేనివాళ్లకు ఆ డబ్బు ఎలా చేరేది? వాళ్ల లెక్క సగటులోకి కూడా రాదు మాస్టారూ.

మన్ననూర్_బస్సు | ఆదివారం, రాత్రి 7:30

అంత దూరం ఎందుకు, ఎంజీబీఎస్‌లో శ్రీశైలం బస్సెక్కితే మూడు నాలుగు గంటల్లో మన్ననూర్. ఆ అడవిలో చెంచు పెంటలున్నాయి, అంటే చెంచుల చిన్న గూడేలు. మైదానంలో 5000 మందికి ఒక సబ్ సెంటర్, గిరిజన ప్రాంతంలో 3000 మందికి ఒకటి అని నిబంధన. పెంటలో ఉండేదే పది ఇరవై ఇళ్లు. మూడు వేల మంది కావాలంటే ఎన్ని పెంటలు, ఎన్ని కిలోమీటర్ల అడవి కలపాలో ఊహించండి. ఆ ఏఎన్‌ఎం ఒక్కతే తిరగాలి. జనాన్ని లెక్కపెట్టారు, నడకని లెక్కపెట్టలేదు.

సిస్టరమ్మ | ఆదివారం, రాత్రి 8:20

పిల్లగాడా, నీ మాట చదివి మనవరాలు కళ్లు తుడుచుకుంటోంది, టైపింగ్ ఆలస్యమైంది.

మంచాలు ఎందుకు ఖాళీగా ఉంటాయో నేను చెప్తా. ఒకసారి ఎర్ర ఇంకు పేరు ఒకామెను బతిమాలి సోమవారం వస్తానని ఒప్పించా. సోమవారం పోతే ఇంటికి తాళం. పత్తి చేనులో కలుపు తీస్తోంది, తొమ్మిదో నెలలో. నేనూ అరిచా డాక్టరమ్మా, నువ్వొక్కదానివే కాదు. ఆమె కలుపు కత్తి పక్కన పెట్టి అడిగింది: "నేను పదిహేను రోజులు మీ దగ్గర కూచుంటే ఈ కలుపు ఎవరు తీస్తరు? మేకల్ని ఎవరు తోలుతరు? రెండేళ్ల పిల్ల ఎవరి దగ్గర పంటది? నాకు తోడు అత్తమ్మ వస్తే ఆమెకి అన్నం ఎవరు పెడ్తరు?" జవాబు చెప్పలేకపోయా. ఎందుకంటే ఆసుపత్రిలో ఉచిత భోజనం కాన్పయిన తల్లికే. మామూలు కాన్పుకి మూడు రోజులు, ఆపరేషన్‌కి ఏడు రోజులు. తోడొచ్చినవాళ్లకి లేదు. 2011 నుంచీ అదే లెక్క. కాన్పుకి ముందు పదిహేను రోజుల మాట అందులో లేనే లేదు.

శ్రావణం అంటే వాగులు పొంగే కాలమే కాదు బాబూ, కూలి దొరికే కాలం కూడా. ఆ రెండూ ఒకేసారి వస్తాయి.

స్టీరింగ్ | ఆదివారం, రాత్రి 8:45

ఇది నాకు ఎప్పుడూ తట్టలే. మేం పోయేసరికి రాను అంటే మూర్ఖులనుకునేటోళ్లం.

లెక్కల_మాస్టారు | ఆదివారం, రాత్రి 9:30

సరే, అంకెలతోనే వస్తా. తోడు మనిషికి రోజుకి 400 చొప్పున పోయిన కూలి అనుకుందాం, 20 రోజులకు 8 వేలు. తల్లికీ తోడుకీ పిల్లకీ తిండి ఖర్చు ఇంకో 2 వేలు. మనిషికి 10 వేలు. మీ 11 లక్షలతో 110 కాన్పులు. వానాకాలానికి 35, 40 మంది చొప్పున చూసుకుంటే మూడు సీజన్లు. వ్యాన్ అయితే మూడేళ్లకి స్క్రాప్. కానీ నా అనుమానం అలాగే ఉంది. మూడేళ్ల తర్వాత? డబ్బు ఇవ్వడం ఆగిన రోజు మళ్లీ చేనుకే పోతారు.

సిస్టరమ్మ | ఆదివారం, రాత్రి 9:50

మాస్టారు మంచి ప్రశ్న వేశారు. నాకు తెలిసిన జవాబు ఒకటే. మూడేళ్లు రిజిస్టరు రాయండి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు. ఆ రిజిస్టరు పట్టుకుని ఉట్నూర్ ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసర్ గారి దగ్గరికి పోండి. దయ చూపండి అని అడిగితే టీ ఇచ్చి పంపిస్తారు. రిజిస్టరు చూపిస్తే ఫైలు తీస్తారు. నా అనుభవం అది.

ఇంకోటి, పిల్లగాడి మాట మరవొద్దు. మంచాలు ఎన్ని వేసినా, గోండీ కొలామీ వచ్చిన ఆడమనిషి ఒకామె రాత్రిపూట అక్కడే ఉండాలి. నర్సు కానక్కర్లేదు. ఏర్ అంటే నీళ్లని తెలిస్తే చాలు.

మియాపూర్_శ్రీను | సోమవారం, ఉదయం 7:15

రాత్రి ఒంటిగంట దాకా మా వాళ్లతో వీడియో కాల్. ఇద్దరు అలిగారు, వాళ్లకు అంబులెన్సే కావాలట, దాని మీద మా అపార్ట్‌మెంట్ పేరు ఉండాలట. పైలట్ అన్న చెప్పిన గడ్డి మొలిచిన బండి కథ చెప్పినా వినలేదు. ఇరవై ఎనిమిది మంది మాత్రం సరే అన్నారు. ముందు ఒక వానాకాలం చేసి చూస్తాం. ఇల్లు చూడటానికి వచ్చే ఆదివారం ఉట్నూర్ వెళ్తున్నాం. సిస్టరమ్మ గారూ, మీరు రాగలరా? కారు ఉప్పల్‌కి పంపుతా.

తమ్ముడూ, ఒక సాయం చెయ్యి. మీ వదినకి ఫోన్ చేసి, ఇలాంటి ఇల్లు ఉంటే వచ్చి ఉండేదా అని అడుగు. ఆమె వద్దంటే ఎందుకో కూడా అడుగు.

మోడరేటర్ | సోమవారం, ఉదయం 9:00

దయచేసి ఫోన్ నంబర్లు, ఇళ్ల అడ్రసులు ఇక్కడ పెట్టకండి. ప్రైవేట్ మెసేజ్‌లో పంపుకోండి. రెండు కామెంట్లు తీసేశాం.

గోండుగూడ_పిల్లగాడు | సోమవారం, రాత్రి 8:10

వదిన గుట్ట ఎక్కినప్పుడే ఫోన్ కలుస్తుంది, అందుకే ఇంత లేటు. అంతా చెప్పా. ముందు చాలాసేపు నవ్వింది. ఊళ్లో సంగతులన్నీ అయ్యాక చివర్లో అడిగింది, "అక్కడ పొయ్యి ఉంటదా? జొన్నరొట్టె చేసుకోనిస్తరా, లేక వాళ్ల అన్నమే తినాల్నా?"

మియాపూర్_శ్రీను | సోమవారం, రాత్రి 8:25

ఉంటుందని చెప్పు తమ్ముడూ. గ్యాస్ స్టవ్ రెండు బర్నర్లది చాలా?

సిస్టరమ్మ | సోమవారం, రాత్రి 8:40

గ్యాస్ వద్దు బాబూ. సిలిండర్ అయిపోయిన రోజు ఆ గదికి తాళం పడుతుంది. ఇంటి వెనక రేకులు దింపి కట్టెల పొయ్యి రెండు వేయించు, వానకి తడవకుండా కట్టెలు పెట్టుకునే చోటు చూడు. ఆదివారం నేను వస్తున్నా. కారు పొద్దున అయిదింటికి పంపు, మధ్యాహ్నంలోపు ఉట్నూర్ చేరాలి.